ప్రహరీ వెంట పామ్ తెర: ఓరుగల్లు ఎండకు ఆగేలా నాటడం, సాకడం

హన్మకొండ, కరీంనగర్ కాలనీల్లో 200 గజాల ప్లాట్లు. ప్రహరీ ఎత్తు 5 అడుగులు. పక్కింటి మెట్ల మీద ఎవరు నిలబడ్డా మన వరండాలో చాయ్ గ్లాసు దాకా కనబడుతుంది. గోడ ఇంకా లేపితే గాలి ఆగుతుంది, రేకులు కడితే ఇల్లు గోదాములా అవుతుంది. అందుకే చాలామంది గోడ వెంట పామ్ మొక్కల వరుస వేసుకుంటున్నారు. పామ్‌లకు ఉండేవి పీచు వేర్లు. మర్రి, రావి వేర్లలా లావెక్కి పునాదిని పగలదీయవు కాబట్టి గోడ పక్కకు ఇవి నప్పుతాయి.

అయితే నాటినవాటిలో చాలా మొక్కలు మొదటి ఏడాదే పోతాయి. పోయేది కూడా ఎక్కువగా మార్చికీ తొలకరికీ మధ్యనే. మొదటి రోహిణి కార్తె దాటి మృగశిర చూసిన మొక్కకు ఇక పెద్దగా ఢోకా ఉండదు. కొనే రోజు నుంచి కింద చెప్పే పనుల్లో ముప్పావు వంతు ఆ ఒక్క ఎండాకాలాన్ని దాటించడానికే.

ముందు ఎత్తు తేల్చుకోండి

మొక్కలు కొనకముందు ఒక పొడవాటి వెదురు బొంగు, గుడ్డ పేలిక తీసుకోండి. ఒకరు వరండాలో రోజూ కూర్చునే కుర్చీలోనే కూర్చోవాలి. ఇంకొకరు మొక్కలు వచ్చే చోట బొంగు నిలబెట్టి పేలికను పైకీ కిందికీ జరపాలి. పక్కింటి మెట్లో, కిటికీయో పేలిక చాటుకు పోయిన చోట గుర్తు పెట్టి నేల నుంచి కొలవండి. అది 8 నుంచి 10 అడుగులైతే పామ్ తెర సరిగ్గా సరిపోతుంది. 12 దాటితే చాలా ఏళ్లు ఎదురుచూడాలి. రెండో అంతస్తు బాల్కనీ నుంచి చూపు పడుతుంటే మొక్కల మీద ఆశ పెట్టుకోకండి, వరండాకు వెదురు చిక్ కట్టుకోవడం నయం.

పైన కరెంటు తీగలు ఉన్నాయేమో అప్పుడే చూసుకోండి. సంపు, సెప్టిక్ ట్యాంకు గోడల నుంచి కనీసం 4 అడుగులు వదలాలి.

ఏ పామ్?

తెరకు కావలసింది మొదలు నుంచే పిలకలు పెట్టి గుబురయ్యే రకం. మన ఎండకు, ధరకు, దొరకడానికి అన్నింటికీ అనుకూలం అరెకా పామ్. దీని పుట్టిల్లు మడగాస్కర్. పేరు చూసి వక్క చెట్టు అనుకోకండి. వక్క ఒంటి కాండంతో నిటారుగా పోతుంది, తెరకు పనికిరాదు. నర్సరీలో "అరెకా" అంటే ఈ గుబురు మొక్కనే ఇస్తారు. అయినా అడుగున నాలుగైదు కాండాలు ఉన్నాయో లేదో కళ్లతో చూసుకోండి.

ఉత్తరం వైపు, లేదా రెండు ఇళ్ల మధ్య ఎండ పడని సందులో అరెకా సన్నగా సాగిపోతుంది. అక్కడికి రాపిస్, అంటే లేడీ పామ్ మంచిది. నెమ్మదిగా పెరుగుతుంది, 6 నుంచి 8 అడుగుల దగ్గర ఆగుతుంది, మట్టలు నేల దాకా నిండుగా ఉంటాయి. ఇదే మొక్కను పడమటి ఎండలో పెడితే ఏప్రిల్ కల్లా ఆకులు పాలిపోయి మాడతాయి.

గుబురుగా వచ్చే ఫిష్‌టెయిల్ పామ్ త్వరగా ఎత్తు అందుకుంటుంది. దాంతో రెండు చిక్కులున్నాయి. పూత పై గణుపు నుంచి మొదలై కిందికి దిగుతుంది, అది అయిపోగానే ఆ కాండం చచ్చిపోతుంది. దాని పండ్ల గుజ్జు తగిలితే చర్మం మంట, దురద. చిన్నపిల్లలున్న ఇంట్లో వద్దు.

రాయల్, ఫాక్స్‌టెయిల్, బాటిల్ పామ్‌లు అందంగానే ఉంటాయి. కానీ అవన్నీ ఒంటి కాండం చెట్లు. నాలుగేళ్ల తర్వాత గోడ వెంట కరెంటు స్తంభాలు పాతినట్టు ఉంటుంది, వాటి సందుల్లోంచి పక్కిల్లు మామూలుగానే కనబడుతుంది.

వాస్తు చూసేవాళ్లు ఎత్తు మొక్కలు పడమర, దక్షిణాన ఉండాలంటారు. నిండు ఎండ కాసేదీ అటువైపే. కాబట్టి ఆ దిక్కున వేసేటప్పుడు నీడ నెట్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

మొక్క కొనేటప్పుడు

మన నర్సరీలకు వచ్చే అరెకాలో ఎక్కువ భాగం రాజమండ్రి దగ్గరి కడియం సరుకే. ఆ మొక్క గోదావరి ఒండ్రు మట్టిలో, తరచుగా నీడ నెట్ కింద పెరిగి వస్తుంది. ఈ రెండు సంగతులూ మనసులో పెట్టుకోండి, ముందు ముందు పని పడుతుంది.

12 అంగుళాల సంచిలో 3 నుంచి 4 అడుగుల ఎత్తున్న మొక్క సరైనది. 7, 8 అడుగులది కొంటే తెర వెంటనే వచ్చినట్టు కనిపిస్తుంది. కానీ అంత పెద్ద ఆకుల మోతకు చిన్న సంచిలోని వేర్లు మే నెలలో నీళ్లు అందించలేవు. మూడేళ్లకు చిన్నదీ పెద్దదీ ఇంచుమించు ఒకే ఎత్తుకు వస్తాయి.

నడిమి మొవ్వను, అంటే ఇంకా విప్పారని కొత్త ఆకును, రెండు వేళ్లతో మెల్లగా లాగి చూడండి. బిర్రుగా ఉండాలి. ఊడి చేతికి వస్తే, మొదట్లో కుళ్లు వాసన ఉంటే ఆ మొక్కను వదిలేయండి. ఆకుల అడుగున తెల్లటి పిండిలాంటిది, గోధుమరంగు పొలుసులు ఉన్నా వద్దు. ఒక సంచిలో 8 నుంచి 15 దాకా కాండాలు ఉండొచ్చు, అవి కలిపి వేసిన విత్తనాల నుంచి వచ్చినవే. రెండు మొక్కలవుతాయి కదా అని చీల్చితే వేర్లు తెగి రెండూ చస్తాయి.

నెట్ కింద నుంచి వచ్చిన మొక్కను తెచ్చిన రోజే ఎండలో పెడితే ఆకులు తెల్లగా కాలిపోతాయి. మొదటి వారం చెట్టు నీడన, రెండో వారం పొద్దుటి ఎండలో, మూడో వారం మధ్యాహ్నం దాకా ఎండలో ఉంచి ఆ తర్వాత నాటండి.

ఎన్ని మొక్కలు, ఎంత దూరం

మొక్కకూ మొక్కకూ మూడున్నర అడుగులు, గోడ నుంచి 3 అడుగులు. 30 అడుగుల గోడ ఉందనుకోండి. రెండు చివరలా ఒక అడుగు చొప్పున వదిలితే 28 అడుగులు మిగులుతాయి, 9 మొక్కలు పడతాయి. త్వరగా కమ్ముకోవాలని 2 అడుగులకు ఒకటి వేసేవాళ్లున్నారు. రెండేళ్లు బాగానే ఉంటుంది, తర్వాత లోపల గాలి ఆడక పిండినల్లి చేరుతుంది, అడుగు ఆకులు ఎండి మొదళ్లు బోడి అవుతాయి.

గోడకు ఆనించి నాటడం ఇంకో పొరపాటు. పగలంతా కాగిన గోడ రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుతుంది. పైగా ఎదిగిన అరెకా మట్టలు చుట్టూ 4, 5 అడుగులు వాలతాయి. 3 అడుగులు వదిలితే గోడ దాటేవి తక్కువ, పక్కింటివాళ్లతో పెద్దగా మాట రాదు.

గుంత: చల్కకు ఒక తీరు, రేగడికి ఒక తీరు

మే నెలలోనే గుంతలు తీసి ఎండబెట్టండి. వెడల్పు 2 అడుగులు, లోతు ఒకటిన్నర అడుగు చాలు. తీసిన గుంతలో నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి, మళ్లీ నింపండి. రెండోసారి గంటకు అంగుళం చొప్పున దిగితే నేల మంచిదే. తెల్లారి కూడా నీళ్లు నిలిచి ఉంటే అక్కడ ఉన్నపళంగా నాటకండి.

ఎర్ర చల్క నేలల్లో అడుగు, అడుగున్నర కింద మొరం గట్టి పడి ఉంటుంది. పైన నీళ్లు త్వరగా ఇంకుతున్నట్టే ఉంటాయి, కింద గిన్నెలో నిలిచినట్టు ఆగుతాయి. గుంత అడుగున గడ్డపారతో రెండు మూడు చోట్ల మొరం పొరను పగలగొట్టాలి. నింపడానికి తవ్విన మట్టి 3 తట్టలకు బాగా మాగిన పెంట లేదా వర్మీకంపోస్టు 1 తట్ట, వేప పిండి అర కిలో కలపండి. చెరువు మట్టి దొరికితే ఒక తట్ట కలపొచ్చు, అంతకన్నా వద్దు. గుంత నిండా చెరువు మట్టే నింపితే వానకాలం బురద, ఎండాకాలం పెంకు.

రేగడిలో గుంత తీయడమే సరికాదు. చుట్టూ నల్లమట్టి నీళ్లు పీల్చుకుని బిగుసుకుంటే గుంత బావిలా నిండుతుంది. గోడ వెంట 3 అడుగుల వెడల్పు, అడుగు ఎత్తున గట్టు పోసి అందులో నాటండి. కొత్త ఇళ్లలో ఇంకో గండం ఉంది. గోడ పక్కన మట్టి కింద సిమెంటు పెళ్లలు, సున్నం, ఇటుక ముక్కలు పూడ్చి ఉంటాయి. వాటివల్ల మట్టి క్షారంగా మారి కొత్త ఆకులు పసుపెక్కుతాయి. గుంత మేర వాటన్నింటినీ ఏరి పారేయండి.

పచ్చి పెంట మాత్రం ఎప్పుడూ వేయకండి. దానికి చెదలు పడతాయి, కొమ్ము పురుగు అందులో గుడ్లు పెడుతుంది.

నాటడం

మంచి అదను ఆరుద్ర, పునర్వసు కార్తెలు, అంటే జూన్ 22 నుంచి జులై 19 దాకా. ఆగస్టు నడిమి వరకు పర్వాలేదు. ఫిబ్రవరిలో నాటితే వేరు పట్టకముందే ఎండలు వచ్చి పడతాయి.

ఇప్పుడు కడియం మట్టి సంగతి. సంచిలో ఉన్నది జిగట ఒండ్రు, మన గుంతలో ఉన్నది గుల్ల చల్క. పోసిన నీళ్లు గుల్లగా ఉన్న మట్టిలోంచి జారిపోతాయి, వేర్ల చుట్టూ ఉన్న ముద్దలోకి వెళ్లవు. ఆ ముద్ద ఒక్కసారి ఎండిందంటే ఇటుకే. చుట్టూ మట్టి తడిగా ఉంటుంది, రోజూ నీళ్లు పోస్తూనే ఉంటారు, మొక్క మాత్రం దాహంతో చస్తుంది. తవ్వి చూస్తే ముద్ద నడుమ పొడి పొడిగా ఉంటుంది. వరుసలో మొక్కలు "కారణం లేకుండా" చచ్చిపోయాయంటే ముందుగా అనుమానించాల్సింది దీన్నే.

అందుకని నాటే ముందురోజు సాయంత్రం సంచితో సహా మొక్కను టబ్బులో ముంచండి, బుడగలు రావడం ఆగేదాకా. పొద్దున సంచిని బ్లేడుతో నిలువునా కోసి తీయండి, మొక్కను కాండం పట్టి లాగొద్దు. ముద్ద పక్కలను, అడుగును వేళ్లతోనో చిన్న పుల్లతోనో అర అంగుళం మేర గీరి వదులు చేయండి. ముద్దను చితకొట్టకండి, పామ్ వేర్లు తెగితే త్వరగా కోలుకోవు. నాలుగైదు చోట్ల సన్నటి ఇనుప కడ్డీతో ముద్దలోకి 4 అంగుళాల లోతు బెజ్జాలు చేస్తే నీళ్లు దిగడానికి దారి ఏర్పడుతుంది.

తర్వాత లోతు. ముద్ద పై అంచు నేలకు సమానంగా, లేదా ఒక అంగుళం పైకి ఉండాలి. గాలికి ఊగకుండా ఉంటుందని అర అడుగు కిందికి దించితే మొదళ్లు ఊపిరాడక కుళ్లుతాయి. కుళ్లకపోయినా కొత్త ఆకులు పాలిపోయి వస్తాయి. ముద్ద మరీ పైకి తేలితే మొదట్లో పుట్టే కొత్త వేర్లు మట్టి అందక ఎండిపోతాయి. గుంత మీద అడ్డంగా ఒక కర్ర పెట్టి చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

సగం మట్టి నింపి ఒక బకెట్ నీళ్లు పోసి, మట్టి దిగాక మిగతాది నింపండి. కాలితో గట్టిగా తొక్కొద్దు. చుట్టూ రెండడుగుల పళ్లెం చేసి ఇంకో బకెట్ పోయండి. రెండో వానకాలం వచ్చేదాకా రసాయన ఎరువు జోలికి పోవద్దు.

నీళ్లు

డ్రిప్ వేస్తే 16 మిల్లీమీటర్ల పైపుకు మొక్కకు 2 డ్రిప్పర్లు పెట్టండి, ఒక్కోటి గంటకు 4 లీటర్లది. మొదటి ఏడాది వాటిలో ఒకటి కచ్చితంగా వేరు ముద్ద మీదే పడాలి, రెండోది అడుగు దూరంలో. గంటా పావు నడిపితే 10 లీటర్లు పడతాయి. ముసురు పట్టినప్పుడు ఆపేయండి. వానలు వెనక్కి పోయాక రెండు రోజులకోసారి 10 లీటర్లు, చలికాలం మూడు రోజులకోసారి, మార్చి నుంచి రోజూ. రెండేళ్లు దాటిన గుబురుకు ఎండాకాలంలో వారానికి రెండుసార్లు 40 లీటర్ల చొప్పున లోతుగా పారించడం మేలు. రోజూ పైపైన చిలకరిస్తే వేర్లు పైనే ఉండిపోతాయి.

మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, చాలా చోట్ల ఫ్లోరైడ్ కూడా ఉంది. ఆకు కొసలు అంగుళం మేర గోధుమరంగులో ఎండటానికి తరచుగా ఇదే కారణం. నెలకోసారి మామూలుకు మూడింతలు నీళ్లు పారిస్తే పేరుకున్న ఉప్పు కిందికి పోతుంది. మేడ మీద పడే వాన నీళ్ల పైపును వరుస వైపు తిప్పితే ఇంకా మంచిది. ఏసీ నుంచి కారే నీళ్లు నిక్షేపంగా పోయొచ్చు. ఆర్‌ఓ మిషన్ వదిలే వృథా నీళ్లు మాత్రం వద్దు, బోరు ఉప్పంతా చిక్కబడి చేరేది వాటిలోనే. సాఫ్ట్‌నర్ నీళ్లూ అంతే, వాటిలో సోడియం ఉంటుంది.

మొదటి ఎండాకాలం

శివరాత్రి వెళ్లగానే పని మొదలుపెట్టండి. మొక్క చుట్టూ 3 అంగుళాల మందం ఆచ్ఛాదన పరవాలి. చెదలు లేని నేలయితే వరిగడ్డి, ఉన్న నేలయితే కొబ్బరి పీచు. రైసు మిల్లు ఊక కూడా పనికొస్తుంది, కాకపోతే గాలికి లేచిపోకుండా పైన కాస్త మట్టి చల్లాలి. ఏది వేసినా కాండాలకు 4 అంగుళాలు ఎడంగా ఉండాలి.

పడమర, దక్షిణం వైపు గుంజలు పాతి 50 శాతం నీడనిచ్చే పచ్చ నెట్ కట్టండి. ఆకులను తాకేలా కప్పితే తగిలిన చోటల్లా కమిలిపోతుంది, అడుగు ఎడం ఉంచాలి. నీళ్లు పొద్దున 7 లోపల గానీ పొద్దుగూకాక గానీ. ఎండలో పరుచుకున్న నల్ల పైపులో మొదట వచ్చే నీళ్లు చేయి పెట్టలేనంత కాగి ఉంటాయి. అవి కాసేపు పక్కకు పోనిచ్చి తర్వాత మొక్కకు పెట్టండి. ఈ నెలల్లో ఎరువు, కత్తిరింపు రెండూ బంద్. నెట్‌ను మృగశిర వానలు పడ్డాక, మబ్బు పట్టిన రోజు చూసి తీయండి.

ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి కూడా పరీక్షే. రాత్రి వేడి 10 డిగ్రీల లోపుకు పడితే ఆకుల మీద గోధుమ మచ్చలు రావొచ్చు. అలాంటి రోజుల్లో సాయంత్రం కాకుండా పొద్దెక్కాక నీళ్లు పెట్టండి.

ఎరువు

పామ్‌లకు కావలసింది ముఖ్యంగా నత్రజని, పొటాష్, మెగ్నీషియం. పత్తికి వేయగా మిగిలిన డీఏపీ సంచి తెచ్చి గుప్పెడు గుప్పెడు చల్లడం మన దగ్గర మామూలే. అందులోని భాస్వరం ఈ మొక్కకు అంత అక్కర్లేదు, ఎక్కువైతే ఇనుము అందకుండా చేస్తుంది.

రెండో వానకాలం నుంచి ఒక్కో గుబురుకు ప్రతిసారీ యూరియా 40 గ్రాములు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 60 గ్రాములు, మెగ్నీషియం సల్ఫేట్ 30 గ్రాములు. జూన్ చివర, ఆగస్టు నడుమ, అక్టోబర్ మొదట్లో, ఇలా మూడు దఫాలు. కాండానికి అడుగు దూరంలో చుట్టూ చల్లి, పైపైన కలిపి, వెంటనే నీళ్లు పెట్టాలి. జూన్ దఫాతో పాటు 3 కిలోల కంపోస్టు, పావు కిలో వేప పిండి. నవంబర్ నుంచి జనవరి దాకా ఏమీ వద్దు.

ఆకు పసుపెక్కితే ఏ ఆకో చూడండి

నిండు ఎండలో పెరిగే అరెకా కాడలు బంగారు రంగులో ఉండటం సహజం. దానికి మందు అక్కర్లేదు. అసలు లోపాన్ని పాత ఆకులా, కొత్త ఆకులా అన్నదాన్ని బట్టి పట్టుకోవచ్చు.

అడుగున ఉన్న పాత ఆకుల్లో పసుపు, నారింజ చుక్కలు వచ్చి కొసలు ఎండుతుంటే పొటాష్ లోపం. ఆ ఆకులను కోసేయకండి. మొక్క వాటిలోంచి పొటాష్ లాగి పై ఆకులకు పంపుతుంది, కోస్తే పై ఆకుల నుంచి లాగడం మొదలుపెడుతుంది. పాత ఆకు నడుమ పచ్చగా ఉండి అంచుల వెంట వెడల్పుగా పసుపు పట్టీ వస్తే మెగ్నీషియం. కొత్త ఆకు పసుపుగా వచ్చి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటే ఇనుము అందట్లేదు: లోతుగా నాటారో, నీళ్లు నిలుస్తున్నాయో, సిమెంటు మట్టో ముందు చూసుకోండి. ఆ తర్వాతే అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) 5 గ్రాములు, నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) 1 గ్రాము లీటరు నీటిలో కలిపి సాయంత్రం పూట పది రోజులకోసారి మూడుసార్లు పిచికారీ చేయండి. కొత్త ఆకు చిన్నగా, ముడుచుకుని, కాలినట్టు వస్తే మాంగనీసు లోపం. మాంగనీసు సల్ఫేట్ లీటరుకు 2 గ్రాములు కొట్టాలి.

పురుగులు, చెదలు, కోతులు

ఎండాకాలంలో ఆకులు దుమ్ము పట్టినట్టు బూడిదరంగుకు తిరిగితే అడుగున తెల్ల కాగితం పెట్టి తట్టండి. కదిలే ఎర్రటి చుక్కలు రాలితే ఎర్రనల్లి. వారానికి రెండుసార్లు పైపు నోరు బొటనవేలితో నొక్కి ఆకుల అడుగుకు జోరుగా నీళ్లు కొడితే చాలావరకు పోతుంది. పిండినల్లికి, పొలుసు పురుగుకు వేపనూనె 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బు నీళ్లు లీటరుకు కలిపి వారం తేడాతో మూడుసార్లు. ఎండ మండే రోజుల్లో నూనె కొడితే ఆకు వేగుతుంది, పొద్దుగూకాక కొట్టండి.

చెదలు ఎండిన ఆకు తొడుగుల మీద మట్టి గూడు కట్టుకుంటూ ఎక్కుతాయి. గూడు రాల్చి, ఎండిన తొడుగులు తీసేసి, మొదట్లో వేప పిండి వేయండి. తడి ఉన్న నేలలో వాటి జోరు తక్కువ.

వానలు ఎడతెగకుండా పడే ఆగస్టులో మొవ్వ కుళ్లు వస్తుంది. నడిమి ఆకు వాడి, లాగితే ఊడుతుంది. గుబురులో ఆ కాండం వరకే కోసి దూరంగా పారేయండి, మిగతా మొవ్వల్లో కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి పోయండి.

కోతులకు మందు లేదు. మెత్తటి మొవ్వ పీకి నమిలి పారేస్తాయి. మొక్క 6 అడుగులు దాటేదాకా ఆ పచ్చ నెట్‌నే పై నుంచి వంపుగా కట్టి ఉంచడం ఒక్కటే కొంత పనిచేసే ఉపాయం.

కత్తిరింపు

డురంటా కంచెలా పైన సమంగా కత్తిరిస్తానంటే కుదరదు. పామ్ కాండానికి పెరిగే చోటు ఒక్కటే, ఆ మొవ్వ తెగితే ఆ కాండం అంతే. ఎత్తు తగ్గించాలనుకుంటే బాగా పొడవైన కాండాన్ని నేల దాకా కోసేయాలి, పక్క పిలకలు ఆ చోటు నింపుతాయి. పూర్తిగా ఎండిన మట్టలే తీయండి, తొడుగు నుంచి రెండు అంగుళాలు వదిలి. తొడుగు ఎండాక దానంతట అదే ఊడుతుంది, పచ్చిగా ఉండగా చీల్చితే కాండానికి గాయమై తెగులు దూరుతుంది.

అడుగున వచ్చే పిలకలను చెత్త అనుకుని పీకేసే తోటమాలులు ఉన్నారు, ముందే చెప్పి ఉంచండి. కింది తెర వాటితోనే. మొదళ్లు అప్పటికే బోడి అయి ఉంటే స్పైడర్ లిల్లీ, రియో లాంటి పొట్టి మొక్కలు ముందు వరుసగా వేయొచ్చు, కానీ పామ్ మొదటికి అడుగు దూరంలో, లోతుగా తవ్వకుండా.

వరుస నడుమ ఒక గుబురు చచ్చిపోతే ఆ చోట వెంటనే కొత్తది పెట్టకండి. ముద్ద తీసి చీల్చి చూడండి: నడుమ పొడిగా ఉందా, కుళ్లి నల్లబడిందా, చెదలు తిన్నాయా. పొడిగా ఉంటే డ్రిప్పర్ జాగా మార్చాలి. కుళ్లి ఉంటే గుంత మట్టి తీసేసి కింద మొరం మళ్లీ పగలగొట్టాలి. ఎలా పోయినా, కొత్త మొక్క ఆరుద్ర దాకా ఆగాల్సిందే.